ఉప్పు బస్తా కొనేముందు నీటిని కొలవండి

బాన్సువాడ 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద వరి పండించే ప్రాంతం. పొలానికి మంజీరా నీళ్లు పారుతాయి, ఇంటికి మిషన్ భగీరథ నల్లా వస్తుంది. అయినా సొంత బోరున్న ఇంట్లో స్నానానికి, బట్టలకు, గిన్నెలకు చేయి వెళ్లేది బోరు నీళ్ల మీదికే. ఆ నీళ్ల జాడ ఇంటినిండా కనిపిస్తుంది: బకెట్ అంచున తెల్లటి గార, మూసుకుపోయే షవర్ రంధ్రాలు, హీటర్ రాడ్ మీద పెచ్చులు కట్టిన సున్నం, ఎంత రుద్దినా రాని నురగ, ఎంతకీ ఉడకని కందిపప్పు. విసిగిపోయి వాటర్ సాఫ్ట్‌నర్ కొందామనుకున్నప్పుడు ముందుగా అడిగేది ఏ కంపెనీది, ఎంతవుతుంది అని. నిజానికి అది మూడో ప్రశ్న. మన నీళ్లలో కఠినత్వం ఎంత అన్నది మొదటిది, ఇంట్లో ఏ నీళ్లను మార్చాలి అన్నది రెండోది. ఈ రెండూ తేల్చుకున్న ఇంటికి పెద్ద యంత్రం అవసరం సాధారణంగా ఉండదు. వేడెక్కే నీళ్లను, సబ్బు కలిసే నీళ్లను మాత్రమే మెత్తబరిస్తే చాలు. ఖర్చుకైనా, ఒంటికైనా, నేలకైనా మేలు అందులోనే ఉంది.

కఠినత్వం అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. వాననీటిలో ఇవి దాదాపు ఉండవు. నేలలోకి ఇంకి, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఆ రాళ్లను కొద్దికొద్దిగా కరిగించుకున్న నీళ్లలో పేరుకుంటాయి. అందుకే ఒకే వీధిలో రెండు బోర్ల నీళ్లు రెండు రకాలుగా ఉండవచ్చు, ఒకే బోరులో ఎండాకాలం లెక్క వానాకాలం లెక్కతో కలవకపోవచ్చు. పక్కింటివాళ్ల నీళ్ల లెక్క మనకు పనికిరాదు. టీడీఎస్ మీటరు చూపించే అంకె కూడా పనికిరాదు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కట్టే పరికరం, అందులో కాల్షియం వాటా ఎంతో చెప్పలేదు. సాఫ్ట్‌నర్ బాగా పనిచేస్తున్నా టీడీఎస్ దాదాపు మారదు, ఎందుకంటే అది లవణాన్ని తీసేయదు, ఒకదాని స్థానంలో మరొకటి పెడుతుంది. కావాల్సింది కఠినత్వ పరీక్ష. చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే చిన్న కిట్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు, లేదా నీటి పరీక్షల ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూస్తే నమ్మదగిన అంకె దొరుకుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు.

పరీక్షలో 200 లోపు వస్తే సాఫ్ట్‌నర్ ఊసే అక్కర్లేదు. అంతకు కొంచెం పైన ఉన్నా, యంత్రం కంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. కఠినత్వంలో ఒక భాగం వేడి తగిలినప్పుడు విడిపోయి సున్నంగా పేరుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పేరుకోవడం ఎక్కువవుతుంది. గీజరును 50, 55 డిగ్రీల దగ్గర ఆపితే గార తగ్గుతుంది. రాడ్‌కు, షవర్‌కు పట్టిన సున్నాన్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే కరిగిపోతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే ఈ పనితో సరిపోయే ఇంటికి వేలు పోసి యంత్రం పెట్టడం దండగ. అదే లెక్క 400, 500 దాటితే గార పట్టే వేగానికి ఈ శుభ్రత చాలదు. సున్నం పొర వేడిని నీళ్లకు అందకుండా అడ్డుకుంటుంది, రాడ్ లోలోపల కాగి త్వరగా పాడవుతుంది, సబ్బూ పౌడరూ ఎక్కువ ఖర్చవుతాయి. సాఫ్ట్‌నర్ అవసరం మొదలయ్యేది అక్కడ.

సాఫ్ట్‌నర్ లోపల రెసిన్ అనే సన్నటి గుళికలుంటాయి. వాటికి సోడియం అంటుకుని ఉంటుంది. కఠిన జలం వాటి మీదుగా వెళ్లినప్పుడు కాల్షియం, మెగ్నీషియం గుళికలకు అతుక్కుంటాయి, బదులుగా సోడియం నీళ్లలోకి వస్తుంది. గుళికలు నిండిపోయాక గాఢమైన ఉప్పునీటితో కడిగితే మళ్లీ మొదటి స్థితికి వస్తాయి. లీటరు రెసిన్ ఒక విడతలో సుమారు 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుందని, దాన్ని కడగడానికి 120 గ్రాముల దాకా ఉప్పు కావాలని లెక్క వేసుకోవచ్చు. కఠినత్వం 500 ఉన్న ఇల్లు, నలుగురు మనుషులు అనుకుందాం. మున్సిపాలిటీల్లో మిషన్ భగీరథ లక్ష్యంగా పెట్టుకున్నట్టు మనిషికి రోజుకు 135 లీటర్లు వాడితే ఇంటికి 540 లీటర్లు. అంతా మెత్తబరిస్తే రోజుకు 270 గ్రాముల కఠినత్వం, నెలకు 19 కిలోలకు పైగా ఉప్పు. స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు 250 లీటర్లే మెత్తబరిస్తే నెలకు 9 కిలోలు. 25 లీటర్ల రెసిన్ ఉన్న యంత్రాన్ని పది రోజులకోసారి కడిగితే చాలు. మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి, మొక్కలకు, బండి తుడవడానికి మెత్తని నీళ్లు పోసి సాధించేది ఏమీ లేదు.

ఉప్పు చవకే కదా, నెలకు పది కిలోలు ఎక్కువైతే ఏమవుతుంది అని ఎవరైనా అడగవచ్చు. ధర అసలు సమస్య కాదు, ఆ ఉప్పు చేరే చోటే సమస్య. కొన్న ప్రతి కిలో, కడిగిన నీళ్లతోనో వాడిన నీళ్లతోనో, చివరికి ఇంటి బయటికే వస్తుంది. ఇంకుడు గుంతలోకి వదిలితే మన బోరు తోడుకునే భూగర్భ జలంలోనే కలుస్తుంది. మోరీలో పోతే దిగువనున్న చెరువుకో పొలానికో చేరుతుంది. సోడియం పేరుకున్న నేల గట్టిపడి నీరు ఇంకనివ్వదు. చౌడు చేసే నష్టం ఇక్కడి రైతుకు ఒకరు చెప్పాల్సింది కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా వాసులు 2008లో ఓటు వేసి మరీ, ఉప్పుతో తమంతట తామే కడుక్కునే సాఫ్ట్‌నర్లను ఇళ్లనుంచి తీయించారు. వాటినుంచి నదిలో కలుస్తున్న క్లోరైడ్ దిగువనున్న అవకాడో, స్ట్రాబెర్రీ తోటలకు హాని చేస్తుందన్నది అక్కడి ఆందోళన. బాన్సువాడకు అలాంటి నిషేధం కావాలని కాదు. పొలాల మధ్య ఉన్న ఊరు కాబట్టి ఉప్పును అవసరమైనంతే వాడుకోవాలి. కడిగిన ఉప్పునీళ్లను ఇంకుడు గుంతకూ, మొక్కల పాదుకూ దూరంగా పంపాలి.

ఇంకో వాదన ఉంది: ఇంత ఖర్చు పెట్టాక ఆ నీళ్లే తాగితే పోలేదా? తాగకపోవడమే మంచిది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత్వాన్ని మార్చితే ఆ నీటిలోకి 230 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన బీపీ మనిషికి అది అక్కర్లేని భారం. పైగా కఠినత్వం దానంతట అది రోగకారకం కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆరోగ్యపరమైన పరిమితే పెట్టలేదు. తాగడానికి, పప్పు ఉడకడానికి శుద్ధి చేసిన భగీరథ నల్లా నీళ్లు పట్టుకోవడం ఉత్తమం. నల్లా రోజంతా రాకపోయినా ఈ రెండు అవసరాలకు కావాల్సినవి కొన్ని బిందెలే. బోరు నీళ్లే తాగక తప్పకపోతే ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్షలు తప్పనిసరి, ఎందుకంటే సాఫ్ట్‌నర్ ఆ రెండింటినీ తీయదు. వాటికి ఆర్వో లాంటి వేరే శుద్ధి కావాలి. ఆర్వో కొంత నీటిని వృథాగా వదులుతుంది కాబట్టి అది వంటింటికే పరిమితం కావాలి. ఒక యంత్రం చేసే పనిని రెండోదాని నుంచి ఆశించకూడదు.

చర్మం, జుట్టు గురించి వినిపించే హామీలను కూడా నిదానంగా తూచాలి. తామర లాంటి చర్మవ్యాధి ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల ఇళ్లలో బ్రిటన్‌లో సాఫ్ట్‌నర్లతో పరిశోధన చేశారు. 2011లో వెలువడిన ఫలితాల్లో మామూలు చికిత్సకు మించిన మేలేమీ కనిపించలేదు. సబ్బు సులువుగా వదలడం, జుట్టు బిరుసెక్కకపోవడం నిజమైన సుఖాలే. వాటిని వైద్యంగా అమ్మితే నమ్మకూడదు. ఇక పైపు చుట్టూ అయస్కాంతం బిగిస్తే చాలని చెప్పే పరికరాలు నీళ్లనుంచి కాల్షియాన్ని తీయవు. బిగించక ముందూ తర్వాతా అదే చుక్కల కిట్‌తో పరీక్షిస్తే అంకె కదలదు. గార పట్టకుండా అవి ఆపుతాయనడానికీ గట్టి ఆధారం లేదు.

కొనాలని తేలాక అమ్మేవారిని అడగాల్సింది డబ్బా ఎత్తు కాదు, లోపల రెసిన్ ఎన్ని లీటర్లు, ఒక్కసారి కడగడానికి ఉప్పెంత, నీళ్లెంత అన్నవి. మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే నీళ్లకు పెద్ద సాఫ్ట్‌నర్‌ను దాటేంత ఒత్తిడి ఉండదు. బోరు మోటారుకూ, మెత్తని నీళ్ల కోసం పెట్టిన చిన్న ట్యాంకుకూ మధ్య యంత్రాన్ని బిగిస్తే ఒత్తిడి సమస్య తీరుతుంది, పైపులైను కూడా వేరవుతుంది. 25 లీటర్ల రెసిన్ మీదికి గంటకు 1000 లీటర్లకు మించి తోస్తే నీళ్లు సరిగా మెత్తబడవు. అందుకే మిగతా నీళ్లు పాత ట్యాంకుకు వెళ్లేలా బైపాస్ ఉండాలి. ముందు మట్టిని ఆపే ఫిల్టరు తప్పనిసరి. నీళ్లలో ఇనుము ఉండి ఎర్ర మరకలు పడుతుంటే ముందు దాని సంగతి చూడాలి, లేదంటే అది రెసిన్‌ను పూడ్చేస్తుంది. యంత్రం నీడలో ఉండాలి. బజారు దొడ్డుప్పులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి కాబట్టి శుభ్రమైన ఉప్పు వాడాలి, తొట్టిలో గడ్డ కట్టిందేమో అప్పుడప్పుడు కదిపి చూడాలి. నెలకోసారి యంత్రం దాటిన నీళ్లను చుక్కల కిట్‌తో పరీక్షించాలి. గడువుకు ముందే కఠినత్వం తిరిగొస్తుంటే ముందు ఉప్పు, తర్వాత వాల్వు, చివరికే రెసిన్ మార్చే మాట.

కొలిచి, వేరు చేసి, అవసరమైనంతే మెత్తబరిచే ఇల్లు తక్కువ ఉప్పుతో ఎక్కువ మేలు పొందుతుంది. బోరు మన గేటు లోపల ఉన్నా, అది తోడేది ఊరందరి నీళ్లు. వాటిలోకి మనం తిరిగి పంపేదానికి లెక్క చెప్పాల్సిన బాధ్యత కూడా మనదే. ఆ లెక్క మొదలుపెట్టడానికి కావాల్సింది ఒక చిన్న పరీక్ష కిట్, అరగంట సమయం.