పొన్నంగి పిట్ట వెంట వాన అడవిలోకి

అక్టోబరు మొదటివారంలో ఒక ఉదయం. ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రెండు చేతులూ దోసిలి పట్టి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, వరండాలో పడి ఉందండీ. కిటికీ అద్దానికి కొట్టుకున్నట్టుంది" అన్నాడు. దోసిట్లో గోరింక కంటే చిన్న పిట్ట ఒకటి కళ్ళు మూసుకుని ఉంది. వీపు ఆకుపచ్చ. భుజం మీద మెరిసే నీలం. పొట్ట లేత గోధుమరంగు, తోక కింద కుంకుమ ఎరుపు. కంటి మీదుగా కాటుక గీసినట్టు నల్లని చార. తోక మాత్రం ఎవరో కత్తిరించినట్టు పొట్టిగా ఉంది.

పిల్లలు నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయారు. వద్దన్నాను. స్పృహ తప్పిన పిట్టకు నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సుద్దముక్కలు వచ్చిన అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, పిట్టను అందులో పెట్టి, మూత వేసి చీకటిగా ఉంచాం. రెండో పీరియడు నడుస్తుండగా లోపల గీకుడు మొదలయింది. ప్రహరీ పక్కన పొదల దగ్గర మూత తీశాం. క్షణంలో మాయమయింది.

అది పొన్నంగి పిట్ట. హిందీలో నవరంగ్ అంటారు. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ కూస్తుందని తమిళులు దానికి ఆరుమణి కురువి అని పేరు పెట్టారు. వేసవిలో హిమాలయాల పాదాల దగ్గరా మధ్యభారతంలోనూ గూళ్ళు కట్టుకుని, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ పోతుంది. రాత్రిళ్ళు ఎగురుతుంది. దారిలో అలసి దువ్వాడ వంటి ఊళ్ళలో దిగుతుంది. మన దీపాలూ అద్దాలూ దానికి ఉచ్చులవుతాయి.

దీని శాస్త్రీయ నామంలో మొదటి మాట ఏమిటనుకున్నారు? 'పిట్టా'! అవును, మన తెలుగు పిట్టే. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి ఆ పేరు స్థిరపరిచాడు. మన పల్లెల్లోని మాట లాటిన్ పేర్ల పట్టికలో కూర్చుంది. జంతుశాస్త్రం పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా నేను ఎన్నడూ ఊరుకోలేదు.

పిట్టాలు ప్రపంచంలో నలభైకి పైగా జాతులున్నాయి. రెండు జాతులు ఆఫ్రికాలో ఉన్నాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం ఆగ్నేయాసియాలోని ఉష్ణమండల వర్షారణ్యాల్లో, నేలమీద రాలిన ఆకులు తిరగేసి పురుగుల్ని ఏరుకుంటూ బతుకుతాయి. అంటే ఆ రోజు మన వరండాలో పడ్డది వాన అడవి వంశపు పిల్ల. "అయితే మనకు దగ్గరలో వాన అడవి ఉందాండీ?" అని అడిగాడు ఆ కుర్రాడు.

నిజం చెప్పాలంటే లేదు. అసలైన వర్షారణ్యానికి ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా వాన కావాలి, అదీ దాదాపు ఏడాది పొడుగునా పడాలి. మన తూర్పు కనుమలకు అంత వాన లేదు. కాని అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండల్లో తేమ నిలిచే లోయలున్నాయి. అక్కడి అడవి సగం సతతహరితం. వాన అడవి పక్షులు కొన్ని అక్కడ మిగిలి ఉన్నాయి. డిసెంబరులో ఆ కుర్రాణ్ణీ మరో నలుగురినీ వెంటబెట్టుకుని కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. రైలు టైడా చేరేసరికి పొద్దెక్కుతుంది, పిట్టలకు అది ఆలస్యం. అందుకని ముందురోజే వెళ్ళి రాత్రి అక్కడ ఉన్నాం. చలికి ఒక్కరూ నిద్రపోలేదు!

తెల్లవారుతుండగా అడవిలోకి వెళ్ళాం. మొదటి అరగంట ఒక్క పిట్టా కనబడలేదు. పిల్లలు డీలాపడ్డారు. దట్టమైన అడవిలో పిట్టలు చూడటమంటే ముందు చెవులతో చూడటం. నిండు వర్షారణ్యంలో ఎండ నూటికి రెండు పాళ్ళు నేలకు చేరడం గగనం. ఆ చీకటిలో రంగులు పనిచెయ్యవు, గొంతే పనిచేస్తుంది. గొంతులోనూ ఒక కిటుకుంది. కీచుగా, గబగబా పలికే కూత చెట్ల మానులకూ ఆకులకూ తగిలి చెదిరిపోతుంది. తగ్గు స్వరంలో నిదానంగా వేసే ఈల దూరం పోతుంది. అందుకే అడవి అడుగున తిరిగే పిట్టల్లో చాలావాటికి ఈల పాటలే ఉంటాయి. కళ్ళు మూసుకుని ఎన్ని రకాల గొంతులు వినబడుతున్నాయో వేళ్ళమీద లెక్కపెట్టమన్నాను.

ఇంతలో ఊరేగింపు వచ్చింది. అవును, ఊరేగింపే! అడవి పిట్టలు పలు జాతులు కలిసి జట్టుగా కదులుతాయి. ముందుగా పసుల పోలిగాడి చుట్టం ఒకటి కనిపించింది. తోక చివర రెండు పొడవాటి తీగలు, వాటి కొసన చిన్న కుచ్చులు. దాని వెనక నిప్పుకణికల్లాంటి మినివెట్లు, మాను మీద తలకిందులుగా పాకే నట్‌హాచ్‌లు. జట్టు కదిలితే పురుగులు లేస్తాయి, అందరికీ తిండి. డేగ వస్తే పోలిగాడు కేక వేస్తుంది, అందరికీ కాపలా. అయితే ఈ కాపలాదారు అప్పుడప్పుడు దొంగ కేక వేసి, అందరూ బెదిరిన సందులో పురుగును కాజేస్తుంది. పిల్లలకు ఈ సంగతే అన్నిటికంటే నచ్చింది.

అడవి అరటి పువ్వు దగ్గర కొడవలిలా వంగిన ముక్కుతో తేనెపిట్ట లాంటిది ఒకటి వేలాడింది. దీన్ని స్పైడర్‌హంటర్ అంటారు. సాలీడు దారంతో అరటాకు అడుగున గూడు కుట్టుకుంటుంది.

ఇక నేను వెతుకుతున్న పిట్ట సంగతి. పేరు అబ్బట్స్ బాబ్లర్. చూడటానికి ఏమీ ఉండదు, మట్టి గోధుమరంగు, పొట్టి తోక. పొదల అడుగున జంటగా దాక్కుని మూడు నాలుగు స్వరాల ఈల వేస్తుంది. ఈ జాతి తూర్పు హిమాలయాల దిగువన, అస్సాంలో, బంగ్లాదేశ్‌లో, అక్కడినుంచి ఆగ్నేయాసియా అంతటా ఉంది. వందల కిలోమీటర్ల ఎడం తరవాత మళ్ళీ మన విశాఖ కనుమల్లో ఉంది! విశాఖ పక్షిశాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికా శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ కలిసి 1980లలో ఈ కొండల్ని గాలించారు. ఇక్కడి బాబ్లర్‌ను ప్రత్యేక ఉపజాతిగా రిప్లీ, బీలర్ 1985లో ప్రకటించి, దానికి 'కృష్ణరాజుయి' అని పేరు పెట్టారు.

ఇంత దూరం ఎలా వచ్చింది? దాని రెక్కలు గుండ్రంగా, పొట్టిగా ఉంటాయి. పొన్నంగి పిట్టలా దేశాలు దాటలేదు. ఎండపడే బయలు దాటడానికే జంకుతుంది. కనుక పిట్ట రాలేదు, అడవే వచ్చిందనుకోవాలి. ఒకప్పుడు వానలు మెండుగా ఉన్న కాలంలో తడి అడవి ఈశాన్యం నుంచి ఇక్కడిదాకా పరుచుకుని ఉండవచ్చు. సుమారు ఇరవైవేల ఏళ్ళనాటి మంచుయుగంలో రుతుపవనాలు బలహీనపడ్డాయి. అటువంటి ఎండుకాలాల్లో అడవి మధ్యలో తెగిపోయి, తేమ ఉన్న లోయల్లో ముక్కలుగా మిగిలి ఉంటుంది. చెరువు ఎండితే గుంటల్లో చేపలు మిగిలినట్టు. కొండల వరసే పక్షులకు బాట అయిందన్న ఊహను సలీం అలీ 1949లో సాత్పురాల విషయంలో చర్చించారు.

గుంట ఎండితే చేప ఎక్కడికి పోతుంది? ఈ బాబ్లర్‌కూ అదే చిక్కు. లోయ కొట్టేసి ఎండ పడనిస్తే పక్క లోయకు పోలేదు. అరకు కాఫీ నీడలో పెరిగే పంట, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీడకు పాత అడవి చెట్లనే ఉంచితే కొన్ని పిట్టలు నిలుస్తాయి. వరసగా సిల్వర్ ఓక్ ఒక్కటే నాటిన తోటలో పైన నీడ ఉంటుంది, కింద పొద ఉండదు. అందులో నాకు ఎప్పుడూ ఆట్టే గొంతులు వినబడలేదు.

రెండోరోజు సెలయేటి పక్క పొదలోంచి ఈల వచ్చింది. మూడు స్వరాలు, కాసేపటికి మళ్ళీ మూడు. కొందరు ఫోనులో రికార్డు కూత వినిపించి పిట్టను బయటికి రప్పిస్తారు. హద్దు కాచుకునే పిట్ట శత్రువు వచ్చిందని తిండి మాని తిరుగుతుంది, కనుక నేను ఒప్పుకోలేదు. ముప్పావుగంట కూర్చున్నాం. ఒక ఆకు కదిలింది, అంతే.

"బాబ్లరే మాస్టారూ, రాసెయ్యమంటారా?" అన్నాడు కుర్రాడు. రాయి, పక్కన ప్రశ్నార్థకం పెట్టు అన్నాను. మొహం ముడుచుకుని పెట్టాడు. ఆ పుస్తకం ఇంకా వాడి దగ్గరే ఉంది. మార్చిలో పరీక్షలు అవగానే మళ్ళీ ఎప్పుడు వెడదామని అడుగుతున్నాడు.