మూడో పెడల్

పెనుకొండ దగ్గర ఎర్రమంచి. వానకోసం మొగం వాచిన వేరుశనగ నేల. అక్కడి కియా కర్మాగారానికి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. అంటే శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోసిన కృష్ణమ్మే. 2019 ఆగస్టు 8న ఆ నేలమీద తొలి సెల్టోస్ బయటికొచ్చింది.

ఆ సెల్టోస్ డీజిల్‌లో క్లచ్ ఉన్న గేరుబండీ దొరికేది. 2023లో అది మాయమైంది. గేరు కడ్డీ ఉంది, ఆరు గేర్లూ ఉన్నాయి, ఎడమకాలి కింద మాత్రం పెడల్ లేదు. దాన్ని ఐఎంటీ అన్నారు. 2024 జనవరిలో పెడల్ తిరిగొచ్చింది.

క్లచ్ చేసేది కాడి విప్పి మళ్లీ కట్టడమే. ఇంజన్నీ గేరుబాక్సునీ క్షణంపాటు విడదీస్తే గేరు మారుతుంది. ఐఎంటీలో ఆ పని కాలికి బదులు హైడ్రాలిక్ ఒత్తిడి చేస్తుంది. కడ్డీమీద చెయ్యి కదలగానే సెన్సర్ పసిగడుతుంది. క్లచ్ ప్లేటు, గేర్లు మామూలువే. కాబట్టి కంపెనీకి పెడల్ తీయడం, పెట్టడం మరీ పెద్ద శస్త్రచికిత్స కాదు.

అసలు కష్టం పాత ఆటోమేటిక్ డీజిల్‌ని గేరుబండిగా మార్చేవాడిది. మెర్సిడెస్ 240డి అనుకోండి. ఉన్నదే 72 గుర్రాల బలం. అందులో కొంత టార్క్ కన్వర్టర్ తినేస్తుంది: ఇంజన్ తిప్పే రెక్కలు నూనెను ఎదుటి రెక్కలమీదికి విసురుతాయి, గట్టి ముడి ఉండదు, జారినదంతా వేడి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలుగు వింటే నాకైతే జాలేస్తుంది.

కన్వర్టర్ తీస్తే దాన్ని ఇంజన్‌కు కలిపే పల్చటి ప్లేటూ పోతుంది. బదులుగా బరువైన ఫ్లైవీల్ కావాలి. పాత మెర్సిడెస్ డీజిళ్లలో దాన్ని క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపి తూకం సరిచేసి బిగించారు. కనుక వేరే బండిది తెచ్చి తగిలిస్తే ఇంజన్ వణుకుతుంది. తీసిన ప్లేటుకు సరిగ్గా జోడీ కుదిరేలా లేత్ పనివాడు బరువు సరిచూడాలి. క్రాంక్ చివర చిన్న బేరింగు, పెడల్, మాస్టర్ సిలిండర్ కూడా కావాలి. గేరుబాక్సు పొడవు తేడా వస్తే ప్రొపెల్లర్ షాఫ్టూ మార్చాలి. ఇంత చేశాక స్టార్టర్ మూగబోతుంది! ఆటోమేటిక్‌లో కడ్డీ పార్కింగులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్‌కు కరెంటు వెళ్తుంది; ఆ వైర్లు కలపాలి. రివర్సు లైటు సంగతీ అంతే.

రిజిస్ట్రేషన్ కాగితాలనూ మరవద్దు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. ముందే ఆర్‌టీవో ఆఫీసులో అడగడం నయం.

పనైపోయాక షెడ్డులో ఓ పరీక్ష. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, మెల్లగా క్లచ్ వదులుతారు. ఇంజన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. ఓ కుదుపుతో ఆగిపోయిందా, మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటాడు.