పాత దంతపు బిలియర్డ్స్ బంతులు: గుర్తింపు, సంరక్షణ, చట్ట నిబంధనలు

(ప్రత్యేక వ్యాసం)

నిర్మల్: పూర్వీకుల నుండి సంక్రమించిన వస్తువులలో అరుదుగా తెల్లని బిలియర్డ్స్ బంతులు కనిపిస్తుంటాయి. చూడటానికి ఆట వస్తువులే అయినప్పటికీ, అవి ఏనుగు దంతంతో చేసినవైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. ఈ సంగతి తెలియక అమ్మజూపినవారు శిక్షార్హులవుతారు. పరీక్ష పేరిట కాల్చిన సూది గుచ్చినవారు వస్తువును శాశ్వతంగా పాడుచేసుకుంటారు. ఈ రెండు నష్టాలూ కలుగకుండా ఉండేందుకు తెలుసుకోవలసిన అంశాలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది.

చారిత్రక నేపథ్యం

స్నూకర్ ఆట 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య రూపుదిద్దుకొన్నది. ఆనాటి సంస్థానాధీశులకు, కులీనులకు బిలియర్డ్స్ ఎంతో ప్రీతిపాత్రమైన ఆట. హైదరాబాదులో 1884లో నిర్మాణం ప్రారంభమైన ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని బిలియర్డ్స్ గది ఇందుకు నిదర్శనం. అప్పట్లో మేలైన బంతులను ఏనుగు దంతంతోనే తయారుచేసేవారు. ఒక దంతం నుండి నాలుగైదు బంతులకు మించి వచ్చేవి కావు. దంతం కొరత ఏర్పడగా 1860ల దశకంలో న్యూయార్క్‌లోని ఒక బిలియర్డ్స్ సంస్థ ప్రత్యామ్నాయ పదార్థానికి 10,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ ప్రోత్సాహంతోనే జాన్ వెస్లీ హయట్ సెల్యులాయిడ్‌ను బంతుల తయారీకి వినియోగించారు. తరువాత ఇతర కృత్రిమ పదార్థాలు కూడా వచ్చాయి. కనుక పాతదైన ప్రతి తెల్లని బంతీ దంతపుదని భావించరాదు.

గుర్తించే విధానం

దంతం మధ్యలోని సన్నని నాడీ రంధ్రం బంతి కేంద్రం గుండా పోయేటట్లు తరిణె పడతారు. అందువలన బంతికి ఎదురెదురుగా రెండు ధ్రువాల వద్ద చిన్న ముదురు చుక్క, దాని చుట్టూ వలయాలు కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తే అక్కడ ఒకదానినొకటి ఖండించుకొనే సన్నని వంపు గీతలు గోచరిస్తాయి. వీటిని ష్రెగర్ రేఖలు అంటారు. దంతపు వెలుపలి భాగంలో ఈ రేఖల మధ్య కోణం నేటి ఏనుగులలో సాధారణంగా 115 డిగ్రీలకు పైగాను, అంతరించిన మామత్‌లలో 90 డిగ్రీలకు లోపుగాను ఉంటుంది. ఎముకలో ఈ అల్లిక ఉండదు. చిన్న చిన్న నల్లని గుంటలు కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో గీతలు ఉన్నా ఒకదానితో ఒకటి సమాంతరంగా, యంత్రం గీసినట్లు ఉంటాయి.

దంతం కాలక్రమేణా అన్ని దిశలలో సమానంగా కుదించుకుపోదు. వెర్నియర్ కాలిపర్స్‌తో వేర్వేరు దిశలలో కొలిచినప్పుడు వ్యాసంలో స్వల్ప తేడా రావడం మరొక సూచన. అతినీలలోహిత కాంతిలో దంతం నీలి ఛాయ గల తెలుపుతో ప్రకాశిస్తుంది. కాల్చిన సూదితో పరీక్షించడం ఎంతమాత్రం తగదు. ఆ బంతి సెల్యులాయిడ్‌దైతే వెంటనే మండిపోగలదు. తుది నిర్ధారణ నిపుణులే చేయాలి. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో వన్యప్రాణి అవశేషాలకు డీఎన్ఏ పరీక్షలు నిర్వహిస్తారు.

సంరక్షణ

దంతం కొయ్య వలెనే గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. వేసవిలో తీవ్రమైన పొడి ఎండలు, వెనువెంటనే వర్షాకాలపు తేమ ఉండే నిర్మల్ వంటి ప్రాంతాలలో పగుళ్లు ఏర్పడే ప్రమాదం ఎక్కువ. గాలిలో తేమ 45 నుండి 55 శాతం మధ్య నిలకడగా ఉండటం శ్రేయస్కరం. బంతులను ఎండ, కూలర్, ఏసీ గాలి నేరుగా తగలని లోపలి గదిలో, మూత గల పెట్టెలో ఆమ్లరహిత కాగితం చుట్టి ఉంచాలి. మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలును. నీరు, సబ్బు, నిమ్మరసం, నూనె వాడరాదు. పసుపు ఛాయ వయసుతో సహజంగా వచ్చేదే. దానిని తొలగించే ప్రయత్నం వలన పురాతన లక్షణం పోతుంది. రంగు వెలిసే గుడ్డలు, రబ్బరు తగలనీయరాదు. సెల్యులాయిడ్ బంతులు ఆమ్ల వాయువులను వెలువరిస్తాయి కనుక వాటిని వేరుగా ఉంచాలి.

చట్టం ఏమి చెబుతోంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 1986లో చేసిన సవరణ ద్వారా భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ద్వారా ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించారు. వస్తువు వందేళ్ల నాటిదైనా అమ్మకానికి మినహాయింపు లేదు. యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవారు సైతం విక్రయించరాదు. వారసత్వంగా పొందినవారు 90 రోజులలోగా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఉంచుకొన దలచనివారు స్వచ్ఛందంగా ప్రభుత్వానికి అప్పగించవచ్చును. ఇందుకు పరిహారం చెల్లించబడదు. ఉల్లంఘనకు 3 నుండి 7 సంవత్సరాల జైలు శిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధించే అవకాశమున్నది.

ఇటువంటి బంతులు లభించినవారు వాటిని మార్కెట్‌లో చూపక, ముందుగా అటవీ శాఖ అధికారులను సంప్రదించడం మంచిది. నిర్ధారణ కాకముందే దంతపు బంతులని, లక్షల విలువ గలవని వార్తలు ప్రచురిస్తే అక్రమ వ్యాపారులకు దారి చూపినట్లవుతుంది. ఈ విషయంలో పాత్రికేయులు సంయమనం పాటించవలసి ఉన్నది.

జిల్లా పౌర సంబంధాల అధికారి, నిర్మల్ ద్వారా జారీ చేయడమైనది.