పెదవులకు కాస్త ఘుమఘుమ!

స్ట్రాబెర్రీ, చాక్లెట్, వెనీలా, పుదీనా... లిప్‌బామ్‌లు పేర్చిన అర ముందు నిలబడితే ఐస్‌క్రీమ్ పార్లర్‌కి వచ్చామా అనిపిస్తుంది. అవే రుచులతో ఇంట్లోనే చేసుకుంటే? తేనెమైనం, కొబ్బరినూనె, కాస్త ఓపిక ఉంటే చాలు. చిక్కల్లా ఆ ఘుమఘుమ దగ్గరే. ఏ నూనె వేయాలి, ఎన్ని చుక్కలు వేయాలి, ఎవరికి అసలు వేయకూడదు... ఈ మూడూ తెలిస్తేనే పెదవులు పదిలం.

చలికి పెదవులు పగిలితే వెన్నపూసో, నేతిచుక్కో రాయడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. పెదవుల ఎర్రటి భాగంలో చెమట గ్రంథులుండవు. చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె గ్రంథులూ దాదాపు ఉండవు. పైపొర కూడా చాలా పల్చన. అందుకే గాలిలో తేమ తగ్గగానే అవి తొందరగా ఎండిపోతాయి. పైన జిడ్డుపొర ఉంటే లోపలి తేమ తేలిగ్గా బయటికి పోదు. వెన్న చేసేదీ, లిప్‌బామ్ చేసేదీ ఈ పనే.

ఆ మాటకొస్తే లిప్‌బామ్ వ్యాపారం నిలదొక్కుకుందీ వంటింట్లోనే. 1880ల్లో అమెరికాలోని లించ్‌బర్గ్‌కు చెందిన వైద్యుడు చార్లెస్ ఫ్లీట్ చిన్న కొవ్వొత్తిలాంటి చాప్‌స్టిక్‌ను తయారుచేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు. 1912లో జాన్ మోర్టన్ దాని హక్కులను ఐదంటే ఐదు డాలర్లకు కొన్నాడు. ఆయన భార్య వంటింట్లో ఆ మిశ్రమాన్ని కరిగించి, ఇత్తడి గొట్టాల్లో పోసి, చల్లారాక ముక్కలు కోసేదట. పళ్ల రుచుల మోజు పెరిగింది మాత్రం 1973లో బోన్ బెల్ సంస్థ స్ట్రాబెర్రీ, లెమన్, గ్రీన్ ఆపిల్ రుచుల్లో 'లిప్ స్మాకర్' తెచ్చాకే.

ఎసెన్స్ వేస్తే సరిపోదా?

చాలామంది చేసే మొదటి పని, కేకుల కోసం తెచ్చిన వెనీలా ఎసెన్స్‌ను కరిగిన మైనంలో వేసేయడం. అది కలవదు. ఎంత గిలకొట్టినా చిన్నచిన్న బొట్లుగా విడిపోయి గిన్నె అడుక్కి చేరుతుంది. కారణం... మామూలు ఎసెన్సులు ఎక్కువగా నీళ్లలోనో, ఆల్కహాల్‌లోనో, ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో కలిపినవి. లిప్‌బామ్ అంతా నూనె, మైనమే. నీళ్లూ నూనే కలిసేదెక్కడ?

కావాల్సింది నూనెలో కరిగే ఫ్లేవర్. ఇంట్లో చాక్లెట్లు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. కరిగిన చాక్లెట్‌లో నాలుగు నీటిచుక్కలు పడితే గడ్డకట్టి పాడవుతుంది. అందుకే వాళ్లు 'ఆయిల్ సాల్యుబుల్' అని రాసిన సీసాలే కొంటారు. కేకుల సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి. లేబుల్ మీద ఆహారంలో వాడదగినదని ఉందో లేదో చూడాలి. కొవ్వొత్తులకూ, అగరొత్తులకూ వాడే సువాసన నూనెలు ఎంత బాగున్నా వద్దు. పెదవులకు రాసింది కొంతైనా కడుపులోకి పోతుంది మరి!

ఇంకో సంగతి. ఫ్లేవర్ నూనెలో సాధారణంగా తీపి ఉండదు, వాసనే ఉంటుంది. మామిడిపండు వాసన ముక్కుకు తగిలి, నాలుకకు తీపి తగలకపోతే ఏదో వెలితిగా అనిపిస్తుంది. అలాగని పంచదారో, తేనో కలిపితే అవి నూనెలో కరగవు. పంచదార పలుకులుగా మిగిలిపోతుంది, తేనె విడిపోతుంది. వాసనతోనే సరిపెట్టుకోవడం మేలు. కోకో బటర్ వాడితే సహజమైన చాక్లెట్ వాసన దానంతటదే వస్తుంది. వెనీలా ఫ్లేవర్ వల్ల కొన్నాళ్లకు బామ్ గోధుమరంగులోకి మారితే కంగారుపడక్కర్లేదు. అది వెనిలిన్ గుణం.

చుర్రుమంటే మందు కాదు

మొక్కల నుంచి తీసే ఎసెన్షియల్ ఆయిల్స్ కూడా నూనెలో చక్కగా కలుస్తాయి. కానీ అవి చాలా గాఢమైనవి. పుదీనా నూనె రాయగానే చల్లగా ఉంటుంది. నిజానికి పెదవి చల్లబడదు. చలిని కనిపెట్టే నాడులను అందులోని మెంథాల్ తట్టిలేపుతుందంతే. ఆ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్‌లకు స్పర్శ, ఉష్ణోగ్రతలపై చేసిన పరిశోధనలకుగాను 2021లో నోబెల్ వచ్చింది. చల్లగా ఉంది కదాని పుదీనా చుక్కలు పెంచితే మంట, ఎరుపు తప్పవు.

దాల్చినచెక్క, లవంగ నూనెల జోలికి పోకపోవడమే మంచిది. పెదవులు మందంగా కనిపిస్తాయని కొందరు దాల్చిన నూనె వేస్తుంటారు. ఆ ఉబ్బు అందం కాదు, చర్మం పడే బాధ. నిమ్మనూనెతో మరో చిక్కు. తొక్క పిండి తీసిన నూనెలో ఎండ తగిలితే చర్మాన్ని కమిలించే పదార్థాలుంటాయి. ఆవిరి పట్టి తీసిన నూనెలో ఆ భయం దాదాపు ఉండదు. సీసా మీద ఏ పద్ధతిలో తీశారో లేకపోతే వదిలేయండి.

ఇలా చేయండి

తేనెమైనం 8 గ్రాములు, కోకో బటర్ 5, కొబ్బరినూనె 7, బాదంనూనె లేదా ఆముదం 10 గ్రాములు. మొత్తం 30 గ్రాములు. ఐదారు చిన్న డబ్బీలకు సరిపోతుంది. బాదం పడనివాళ్లయితే ఆముదమే వాడాలి. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి ముందు మైనాన్ని, తర్వాత మిగతావాటిని కరిగించాలి. మైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి. నేరుగా మంట మీద మాత్రం పెట్టొద్దు.

దించాక ఒకట్రెండు నిమిషాలు ఆగాలి. అంచులు తెల్లబడబోయే ముందు ఫ్లేవర్ వేసి కలిపి, వెంటనే డబ్బీల్లో పోయాలి. పొయ్యి మీదుండగానే వేస్తే ఘుమఘుమంతా ఇల్లు నింపుతుంది, డబ్బీలో ఏమీ మిగలదు. 30 గ్రాములకు ఫ్లేవర్ నూనె ఆరేడు చుక్కలు, పుదీనా ఎసెన్షియల్ ఆయిల్ అయితే మూడు చుక్కలు చాలు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మన ఎండాకాలానికి మరో రెండు గ్రాముల మైనం కలపండి. నీళ్లు లేని బామ్ త్వరగా పాడవదు. కానీ తడి వేలు పెట్టకూడదు. నూనె ముక్కవాసన వస్తే పారేయాలి.

పిల్లలుంటే జాగ్రత్త

స్ట్రాబెర్రీ వాసన వస్తుంటే పిల్లలు ఊరుకుంటారా? నాకేస్తారు. ఉమ్ము ఆరేకొద్దీ పెదవి ఇంకా ఎండుతుంది. మంట పుట్టి మళ్లీ నాకుతారు. చివరికి నోటి చుట్టూ ఎర్రటి వలయం మిగులుతుంది. బామ్ రాస్తున్నా తగ్గట్లేదేమని పెద్దలు ఇంకాస్త రాస్తారు... కథ మళ్లీ మొదటికి! పగిలిన పెదవులకు పుదీనా, దాల్చిన, నిమ్మజాతి ఫ్లేవర్లు, మెంథాల్, కర్పూరం, నీలగిరి ఉన్న బామ్‌లు వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా చెబుతోంది. మెంథాల్, కర్పూరం పసిపిల్లల దగ్గరికే రానీయకూడదు. పెద్దలైనా కొత్త బామ్‌ను ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడాలి. రెండు మూడు వారాలైనా పగుళ్లు మానకపోతే చర్మవైద్యులకు చూపించాలి.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఒకటుంది. ఫ్లేవర్ వేయకముందే సగం మిశ్రమాన్ని వేరే డబ్బీల్లో పోసేయండి. పగిలినప్పుడు ఉత్త బామ్, మానాక ఘుమఘుమల బామ్... ఒక్క గిన్నెతో రెండూ సిద్ధం!