అసాధారణ విలువలు (గణాంక శాస్త్రం)

గణాంక శాస్త్రంలో ఒక దత్తాంశంలోని తక్కిన విలువలకు మిక్కిలి దూరంగా ఉండే విలువను అసాధారణ విలువ అంటారు. ఆంగ్లంలో దీనిని ఔట్‌లయర్ అని వ్యవహరిస్తారు. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అనే మూడు కేంద్రీయ స్థాన విలువలపై దీని ప్రభావం ఒకే విధంగా ఉండదు. పదవ తరగతి పాఠంలో ఈ విషయం ఒక్క వాక్యంతో ముగుస్తుంది. కానీ భూమి లెక్కల వంటి చోట ఏ కొలతను ఎంచుకున్నామనే దానిని బట్టి ఒక ఊరు సంపన్నంగానో నిరుపేదగానో కనబడుతుంది.

నల్లగొండ జిల్లా భూముల ఉదాహరణ

నిజాం పాలనలో నల్లగొండ జిల్లా భూస్వామ్యం ఇందుకు తగిన ఉదాహరణ. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ సాయుధ పోరాట గ్రంథం ప్రకారం సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20,000 ఎకరాలు, మిర్యాలగూడ తాలూకాలోని బాబాసాహెబ్‌పేట దేశ్‌ముఖ్‌కు 10,000 ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవి. అదే కాలంలో గుంట భూమి లేని కుటుంబాలు అసంఖ్యాకం.

లెక్క సౌలభ్యం కోసం పది కుటుంబాలను ఊహించుకుందాం. వాటికి గల భూమి ఎకరాలలో: 0, 0, 0, 0, 1, 2, 2, 3, 4, 5. మొత్తం 17 ఎకరాలు కనుక సగటు 1.7. అయిదవ, ఆరవ విలువల సగటైన మధ్యగతం 1.5. ఎక్కువసార్లు వచ్చిన విలువ, అనగా బాహుళకం, 0.

ఇప్పుడు పదకొండవ కుటుంబంగా 20,000 ఎకరాల దేశ్‌ముఖ్‌ను చేర్చుదాం. సగటు ఒక్కసారిగా 1,819.73 ఎకరాలకు ఎగబాకుతుంది. మధ్యగతం 2 అవుతుంది. బాహుళకం 0 గానే ఉంటుంది. 20,000కు బదులు 1,50,000 వేసి చూస్తే సగటు 13,637.91 అవుతుంది గాని, మధ్యగతం 2 దగ్గరనే నిలుస్తుంది. కారణం సులభం. సగటులో ప్రతి విలువ తన పరిమాణమంతటితోనూ పాల్గొంటుంది. మధ్యగతానికి వరుసలోని స్థానమే ముఖ్యం. చివరి మనిషి ఎంత దూరాన నిలుచున్నా అతడు చివరి మనిషే. బాహుళకానికి అతని ఉనికే పట్టదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దేశ్‌ముఖ్‌ల భూములు ఒకే ఊరిలో గాక అనేక గ్రామాలలో విస్తరించి ఉండేవి. కావున ఆ విస్తీర్ణమంతా ఒక గ్రామపు సగటులో చేర్చడం నిజానికి సరికాదు. పై లెక్క కేవలం కొలతల స్వభావాన్ని చూపడానికే.

భూ పంపకం జరిగితే

పై ఉదాహరణలో దేశ్‌ముఖ్ భూమి నుండి 4 ఎకరాలు తీసి, భూమి లేని నాలుగు కుటుంబాలకు ఎకరం చొప్పున ఇచ్చారనుకుందాం. మొత్తం భూమి మారలేదు గనుక సగటు వీసమెత్తు కదలదు. మధ్యగతం కూడా 2 గానే ఉంటుంది. బాహుళకం మాత్రం 0 నుండి 1కి మారుతుంది. నాలుగు ఇళ్ళలో వచ్చిన మార్పును, సాధారణంగా అందరూ చిన్నచూపు చూసే బాహుళకమే పట్టి చూపుతుంది.

1973 నాటి ఆంధ్ర ప్రదేశ్ భూ సంస్కరణల చట్టం నేల రకాన్ని బట్టి ప్రామాణిక కమతాన్ని మాగాణి అయితే 10 నుండి 27 ఎకరాలుగా, మెట్ట అయితే 35 నుండి 54 ఎకరాలుగా నిర్ణయించింది. పదకొండవ కుటుంబానికి 54 ఎకరాలే ఉంచితే సగటు 6.45కు దిగివస్తుంది. మిగులు భూమిని ఆ ఊరివారికే పంచకపోతే మధ్యగతం 2, బాహుళకం 0 గానే మిగులుతాయి. అందువలన సగటు కమతం తగ్గిందన్న వార్త చదివినప్పుడు, తగ్గినది ఎవరి భూమి అని అడగడం మంచిది.

గుర్తించే పద్ధతి

అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో ప్రచురించిన గ్రంథం ద్వారా ప్రసిద్ధమైన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. మూడవ చతుర్థకం, మొదటి చతుర్థకాల భేదాన్ని 1.5తో హెచ్చించి, మూడవ చతుర్థకానికి కూడితే పై హద్దు వస్తుంది. మన పదకొండు కుటుంబాలలో మొదటి చతుర్థకం 0, మూడవది 4. హద్దు 10 ఎకరాలు. ఈ లెక్కన 20,000 సరే, చట్టం అనుమతించిన 54 ఎకరాలు కూడా అసాధారణమే.

అన్నీ పొరపాట్లు కావు

అసాధారణ విలువ కనబడగానే కొట్టివేయరాదు. కొన్ని నిజంగా పొరపాట్లే. 40 గుంటలు ఒక ఎకరం కాగా, పహాణీలలో 2 ఎకరాల 20 గుంటలను 2-20 అని రాస్తారు. మధ్య గీత జారిపోతే అది 220 ఎకరాలవుతుంది. గీతను దశాంశ బిందువుగా చదివితే రెండున్నర ఎకరాలు 2.20 అవుతాయి, ఈ రెండవ తప్పు అసాధారణంగా కనబడదు కనుక మరింత ప్రమాదకరం.

మరికొన్ని విలువలు అక్షరాలా నిజం. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు కోదాడ పట్టణం జలమయమైంది, నడిగూడెం మండలం రామచంద్రాపురం వద్ద నాగార్జున సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ రోజు వానను అసాధారణమని లెక్కనుండి తొలగిస్తే సగటు నునుపుగానే వస్తుంది గాని, కాలువ కట్టకు కావలసిన సమాచారం పోతుంది.

బాహుళకం = 3 × మధ్యగతం − 2 × అంకమధ్యమం అనే సూత్రాన్ని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. కార్ల్ పియర్సన్ పేరిట చెప్పే ఈ సంబంధం, వైషమ్యం స్వల్పంగా ఉన్న విభాజనాలలో మాత్రమే సుమారుగా వర్తిస్తుంది. దేశ్‌ముఖ్ ఉన్న మన ఉదాహరణకు దీనిని ప్రయోగిస్తే బాహుళకం సుమారు మైనస్ 3,633 ఎకరాలు వస్తుంది.