ఏ చేపకు ఆ కర్ర

* వెదురు ఎంపికలోనే సగం పనితనం
* ఆరబెట్టడంలో తొందరపడితే శ్రమంతా వృథా
* విద్యుత్ తీగల కింద పొంచి ఉన్న ప్రమాదం

రాజమహేంద్రవరం: గోదావరి డెల్టాలో చేపల వేట అనగానే నావలు, వలలు, పులస గుర్తుకు వస్తాయి. వరద నీటికి ఎదురీదుతూ వచ్చే పులస వలకు చిక్కేదే తప్ప గాలానికి పడేది కాదు. అయితే ధవళేశ్వరం నుంచి బయలుదేరే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల గట్లపైన, ఊరి చెరువుల ఒడ్డున, సముద్రపు మొగల వద్ద గాలం వేసి కూర్చునేవారు నేటికీ ఎందరో ఉన్నారు. కొందరికి అది కాలక్షేపం. పని దొరకని రోజున మరికొందరికి అదే ఆ పూట కూర. పడిన చేప ఒడ్డుకు వచ్చేలోగా కర్ర విరిగితే చేపతో పాటు దారం, బెండు, సీసం కూడా నీటి పాలవుతాయి. ఇలా విరిగే కర్రల్లో చాలావరకు చేప బరువుకు విరిగినవి కావు. పచ్చి వెదురు వాడటం, ఆరబెట్టడంలో తొందరపడటం, అతుకు పొట్టిగా వేయడం వంటి తయారీ లోపాలే ఇందుకు కారణం. మంచి కర్ర తయారీకి ఖరీదైన సామగ్రి అక్కర లేదు. కొన్ని మెలకువలు, రెండు మూడు నెలల ఓపిక ఉంటే చాలు.

చేపను బట్టి కర్ర

కర్ర చేయడానికి ముందే ఏ నీటిలో, ఏ చేప కోసం అన్నది నిర్ణయించుకోవాలి. జెల్లలు, చిన్న పరిగెలు ఎరను మెల్లగా లాగుతాయి. ఆ కదలిక చేతికి తెలియాలంటే కొన సన్నగా, మెత్తగా వంగేలా ఉండాలి. కాలువ గట్టు మీద నుంచి నీటి మధ్యకు ఎర అందాలి కాబట్టి 10 నుంచి 12 అడుగుల పొడవు అవసరం. కొరమీను వ్యవహారం వేరు. అది గుర్రపుడెక్క, తూటికాడల మాటున ఉండి, ఎర అందగానే మళ్లీ ఆ గుబురులోకే దూరుతుంది. దాన్ని వెంటనే పైకి ఎత్తగలిగే 7, 8 అడుగుల బిగువైన కర్ర కావాలి. చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి బరువైనవి. ఇవి పడినప్పుడు కర్ర కొన నుంచి నడుము వరకు విల్లులా వంగి, లాగుడును కొంత తనలో ఇముడ్చుకోవాలి. లేకపోతే దారం తెగుతుంది.

పొడవు, మందం విషయంలో లెక్క తప్పకూడదు. ఒకే మందం ఉన్న కర్ర పొడవును పదో వంతు పెంచితే, అదే బరువుకు అది వంగే వంపు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. మందం పదో వంతు తగ్గితే బిగువు సుమారు మూడో వంతు పడిపోతుంది. అందుకే నున్నగా ఉంటుందని కర్రను ఇష్టం వచ్చినట్లు చెక్కడం మంచిది కాదు. పైగా వెదురులో బలమైన పీచు అంతా పై పొరకు దగ్గరగానే ఉంటుంది. పైచెక్కు తీసేస్తే బలాన్ని తీసేసినట్లే.

వెదురు ఎంపిక ఎలా?

రంపచోడవరం, మారేడుమిల్లి మన్యంలో ప్రధానంగా రెండు రకాల వెదురు కనిపిస్తుంది. ముళ్ల వెదురు లావుగా, లోపల బోలుగా ఉంటుంది. బుట్టలకు, పందిళ్లకు, బొంగు కూరలకు బోలు వెదురు పనికొస్తుంది. గాలపు కర్రకు కావలసింది సాధనపు వెదురు. దీని గోడ మందంగా ఉంటుంది. మెట్ట నేలల్లో పెరిగిన వాటిలో లోపలి బోలు దాదాపు పూడిపోయి గట్టి కర్రలా ఉంటుంది. లాఠీలకు ఎక్కువగా వాడేది కూడా ఈ రకమే.

వెదురు మొలక ఒక్క వానకాలంలోనే పూర్తి ఎత్తుకు ఎదుగుతుంది. ఆ తరువాత లావెక్కదు, గట్టిపడుతుంది. ఈ గట్టితనం రావడానికి మూడేళ్లు పడుతుంది. ఏడాది కర్ర ఆకుపచ్చగా మెరుస్తూ, కణుపుల వద్ద పొరలు అంటుకొని, తెల్లని పొడి కలిగి ఉంటుంది. ముదురు కర్ర రంగు మందగించి, అక్కడక్కడ మచ్చలు పడి, వేలితో కొడితే గట్టిగా మోగుతుంది. కొనేటప్పుడు కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నదీ, మొదలు నుంచి కొన వరకు క్రమంగా సన్నబడినదీ ఎంచుకోవాలి. వెదురుకు ప్రకృతి ఇచ్చిన ఈ సన్నబాటే గాలపు కర్రకు ప్రాణం. అడితిలో మధ్య ముక్క చౌకగా వచ్చినా, కొన ఉన్న కర్రనే తీసుకోవడం మేలు.

అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణతో అడవి వెలుపల పెంచిన వెదురు చెట్ల జాబితా నుంచి తొలగింది. కాబట్టి పొలం గట్టున పెంచుకున్న వెదురును నరికి వాడుకోవచ్చు. అడవిలోని వెదురుకు మాత్రం అటవీ నిబంధనలు వర్తిస్తాయి. అనుమతి ఉన్న అడితిలోనే కొనుగోలు చేయాలి.

నీటిలో నాననివ్వాలి.. నీడన ఆరనివ్వాలి

వెదురుకు ప్రధాన శత్రువు పుచ్చు పురుగు. కర్రలోని పిండి పదార్థమే దానికి ఆహారం. వానకాలంలో కొత్త మొలకలు వేయడానికి వెదురు ఈ పిండిని ఖర్చు చేసుకుంటుంది. అందువల్ల వానలు వెనుకబట్టాక, కార్తీక, మార్గశిర మాసాల్లో నరికిన కర్రకు పుచ్చు బెడద తక్కువ. నరికిన కర్రను పారే నీటిలో రెండు మూడు వారాలు మునిగేలా కట్టి ఉంచితే మిగిలిన పిండి చాలావరకు కరిగిపోతుంది.

మరింత రక్షణ కోరేవారు బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీటిని వాడుతున్నారు. 50 లీటర్ల నీటికి ఒక కిలో బోరిక్ ఆమ్లం, ఒకటిన్నర కిలోల బోరాక్స్ సరిపోతుంది. నరికిన కొత్తలోనే కర్రను వారం పది రోజులు ఇందులో ఉంచాలి. మిగిలిన ద్రావణాన్ని కాలువలోనూ, చెరువులోనూ పారబోయకూడదు.

నీటి నుంచి తీసిన కర్రను గాలి తగిలే నీడలో నిలువుగా ఆనించి రెండు మూడు నెలలు ఆరబెట్టాలి. త్వరగా ఆరుతుందని ఎండలో పడేస్తే పైభాగం ముందుగా ముడుచుకొని, లోపలి తేమ అలాగే ఉండి, నిలువునా పగుళ్లు తీస్తుంది. ఎక్కువ కర్రలు పాడయ్యేది ఈ దశలోనే. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాల పొడి వాతావరణం ఈ పనికి అనుకూలం. కర్రను వారానికోసారి తూచి చూస్తే, బరువు తగ్గడం ఆగినప్పుడు ఆరినట్లు లెక్క.

నిప్పు సెగతో వంకర తీయడం

ఏ వెదురూ పూర్తిగా తిన్నగా పెరగదు. కణుపు కణుపుకూ కొద్దిపాటి వంకర ఉంటుంది. మంట లేని బొగ్గుల సెగ మీద ఆ భాగాన్ని తిప్పుతూ వేడి చేస్తే వెదురు పీచును పట్టి ఉంచే పదార్థం మెత్తబడుతుంది. పైన నూనె వంటి తడి మెరుపు కనిపించగానే, గాడి తీసిన చెక్కలో పెట్టి వంకరకు ఎదురు దిశలో మెల్లగా వంచి, చల్లారే వరకు అలాగే పట్టుకోవాలి. తడిగుడ్డతో తుడిస్తే ఆ ఆకారం నిలుస్తుంది. లావు వైపు నుంచి మొదలుపెట్టి కొన వైపు సాగాలి. చెక్కు నల్లబడితే అక్కడ బలం పోయినట్లే.

బోలు కర్రను వేడి చేసేటప్పుడు జాగ్రత్త అవసరం. రెండు కణుపుల మధ్య బిగిసిన గాలి వ్యాకోచించి కర్ర పెద్ద శబ్దంతో పేలవచ్చు. సన్నని ఇనుప చువ్వను కాల్చి లోపలి కణుపు గోడలకు ముందుగానే రంధ్రం చేసుకుంటే ఈ ప్రమాదం ఉండదు.

అతుకే ఆయువుపట్టు

బస్సులో, సైకిల్ మీద తీసుకువెళ్లడానికి వీలుగా కర్రను రెండు ముక్కలు చేసుకునేవారు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని అతుకుగా వాడాలి. కర్ర ఆ గొట్టంలోకి దాని వ్యాసానికి కనీసం రెండు మూడు రెట్లు లోతుగా దిగాలి. గొట్టం అంచు వద్ద కర్ర కోసుకుపోకుండా పైన దారం చుట్టాలి.

శాశ్వతంగా అతికేటప్పుడు రెండు ముక్కల చివరలనూ కలం పాళీలా ఏటవాలుగా కోస్తారు. ఈ కోత పొడవు కర్ర మందానికి పది రెట్లకు తగ్గకూడదు. అర అంగుళం కర్రకు కనీసం అయిదు అంగుళాల కోత ఉండాలన్నమాట. కోతలో కణుపు రాకుండా చూసుకొని, ఎపాక్సీ జిగురు పూసి, మైనం పట్టించిన దారాన్ని వరుస తప్పకుండా బిగువుగా చుట్టాలి. చుట్టు మొదలుపెట్టేటప్పుడు దారం కొసను అయిదారు చుట్ల కింద నొక్కాలి. చివరి చుట్ల కింద విడిగా ఒక దారపు ఉచ్చు ఉంచి, మిగిలిన కొసను అందులో దూర్చి వెనక్కి లాగితే ముడి లేకుండానే చుట్టు బిగుసుకుంటుంది. ముడి ఉన్న చోట తేమ చేరుతుంది, దారం రాసుకొని తెగుతుంది.

చుట్టు మీద, కర్ర అంతటా వార్నిషును పలుచగా మూడు పూతలు వేయాలి. ఒక పూత పూర్తిగా ఆరాకనే రెండోది వేయాలి. ఒకేసారి మందంగా పూస్తే కర్ర వంగినప్పుడు పూత పెళుసుగా విరిగి, ఆ పగులులోంచి నీరు దిగుతుంది. వార్నిషుకు బదులు ఏటా రెండుసార్లు అవిసె నూనె పట్టించినా సరిపోతుంది. పిడి జారకుండా కోనసీమలో దొరికే సన్న కొబ్బరి తాడు చుట్టుకోవచ్చు. కొబ్బరి పీచు ఉప్పునీటికి తట్టుకుంటుంది.

చుట్టు యంత్రం లేని కర్రకు దారాన్ని కొన వద్ద మాత్రమే కట్టి వదిలేయడం మామూలే. దారాన్ని కర్ర వెంట తీసుకువచ్చి, కొన నుంచి మూడు నాలుగు అడుగుల కింద మరో ముడి వేస్తే, కొన విరిగినా చేప పోదు.

గాజు పీచు, కార్బన్ కర్రలు

అంతర్వేది, యానాం ప్రాంతాల్లో ఉప్పునీటి పండుగప్ప కోసం దూరంగా ఎర విసిరేవారికి చుట్టు యంత్రం ఉన్న కర్ర తప్పనిసరి. వీరిలో చాలామంది గాజు పీచు లేదా కార్బన్ పీచు గొట్టాన్ని విడిగా కొని, రింగులు, పిడి తమ చేతికి తగినట్లు అమర్చుకుంటున్నారు. అడుగుకొక రింగు, కొనకు అదనంగా ఒకటి అన్నది సాధారణ లెక్క. యంత్రం దగ్గర పెద్ద రింగుతో మొదలై కొనకు వెళ్లేకొద్దీ రింగులు చిన్నవవుతూ, దగ్గరవుతూ ఉండాలి. ముందుగా టేపుతో అంటించి, దారం ఎక్కించి, కర్రను వంచి చూడాలి. దారం ఎక్కడైనా కర్రకు తగిలితే రింగుల స్థానం మార్చి, ఆ తరువాతే దారంతో చుట్టి కట్టాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం, లోపల పింగాణీ వలయం ఉన్న రింగులు వాడాలి. చుట్టుపై ఎపాక్సీ పూసి, అది గట్టిపడే వరకు కొన్ని గంటలు కర్రను నెమ్మదిగా తిప్పుతూ ఉండకపోతే పూత ఒక పక్కకు జారుతుంది.

గాజు పీచు బరువైనా మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది. కార్బన్ తేలిక, బిగువు ఎక్కువ. కానీ రాతికి తగిలి చిన్న గాటు పడినా, ఆ చోటే మరో రోజు ఉన్నట్లుండి విరుగుతుంది.

నీటికి ముందు పరీక్ష

తయారైన కర్రను నేరుగా నీటి వద్దకు తీసుకువెళ్లకూడదు. పిడిని గట్టిగా బిగించి, కొనకు అరలీటరు నీటి సీసా కట్టి కొద్ది నిమిషాలు వేలాడదీయాలి. సన్న కొన ఉన్న జెల్ల కర్రకు ఇందులో సగం బరువు చాలు. వంపు ఒకచోట మడతలా కాక, కొన నుంచి నడుము వరకు క్రమంగా రావాలి. సీసా తీయగానే కర్ర తిన్నగా కావాలి. వంపు అలాగే మిగిలితే లోపల తేమ ఉన్నట్లు. అలాంటి కర్రను మరికొన్ని వారాలు ఆరబెట్టాలి. కర్ర మోయగలిగిన బరువు కంటే తక్కువ బరువుకు తెగే దారాన్నే వాడటం మరో జాగ్రత్త. పోతే దారం పోవాలి గాని కర్ర పోకూడదు.

తలపైన తీగలు చూసుకోండి

డెల్టా కాలువ గట్ల వెంట చాలాచోట్ల విద్యుత్ తీగలు సాగుతుంటాయి. రోడ్లు కాని చోట్ల 11 కేవీ వరకు ఉన్న ఇన్సులేషన్ లేని తీగలకు భద్రతా నిబంధనలు కోరే కనీస ఎత్తు నేల నుంచి 4.6 మీటర్లు. అంటే సుమారు 15 అడుగులు. ఆరడుగుల మనిషి 12 అడుగుల కర్రను పైకెత్తితే కొన 18 అడుగులకు చేరుతుంది. కార్బన్ పీచు విద్యుత్ వాహకం. తడిసిన వెదురు, తడి దారం కూడా ప్రమాదకరమే. పైన తీగలు ఉన్నచోట గాలం వేయకూడదు. కర్రను మోసుకువెళ్లేటప్పుడు నిలువుగా కాక అడ్డంగా పట్టుకోవాలి. ఉరుములు వినిపిస్తే కర్రను కింద పెట్టి గట్టు దిగాలి. చెరువులు, కాలువల్లో చాలావాటిపై మత్స్యకార సహకార సంఘాలకు వేట హక్కులు ఉంటాయి కాబట్టి ముందుగా అనుమతి తీసుకోవడం అవసరం. కోరింగ అభయారణ్యం పరిధిలో అటవీశాఖ నిబంధనలు పాటించాలి.

మన వెదురు ఖండాంతరాలకు

సాధనపు వెదురుకు పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దంలో అమెరికా, ఇంగ్లండ్ పనివారు వెదురును బద్దలుగా చీల్చి, ఆరు బద్దలను అతికి గాలపు కర్రలు చేసేవారు. అందుకు వాడిన వెదురు భారతదేశం నుంచే వెళ్లేది. కలకత్తా రేవు నుంచి ఎగుమతి కావడంతో దానికి కలకత్తా వెదురనే పేరు స్థిరపడింది. అందులో ప్రధానమైనది సాధనపు వెదురేనని చెబుతారు. తరువాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు ఆ స్థానాన్ని ఆక్రమించింది. కొరియా యుద్ధ కాలంలో, 1950లో చైనాతో వ్యాపారాన్ని అమెరికా నిషేధించడంతో టోంకిన్ సరఫరా ఆగి, గాజు పీచు కర్రలు అంగళ్లను నింపాయి. 1970లలో కార్బన్ వచ్చింది. ఇంత మార్పు జరిగినా చేత్తో చేసిన వెదురు కర్రలు ఆ దేశాల్లో నేటికీ గౌరవంగా, అధిక ధరకు అమ్ముడవుతున్నాయి.

ఆ జాతి వెదురు మన్యంలో ఉంది. దాన్ని సన్నని బద్దలుగా చీల్చగల నేర్పు మేదర్ల చేతిలో ఉంది. ప్లాస్టిక్ బుట్టలు, చేటలు వచ్చి మేదర పనికి గిరాకీ తగ్గిన ఈ రోజుల్లో, సరిగా ఆరబెట్టి, పరీక్షించి చేసిన గాలపు కర్ర వారికి మరో ఆదరువు కాగలదు. పచ్చి వెదురుతో చేసిన కర్ర ఒక్క సీజనుకే విరిగి, కొన్నవారిని ఫైబరు కర్రల వైపు మళ్లిస్తుంది. మూడు నెలలు ఆరిన కర్ర ఏళ్ల తరబడి చేతిలో ఉంటుంది.