తాతగారి జావా... సామాన్లేవీ?

గుడ్లవల్లేరులో ఓ పశువుల పాక. మూలన తాతగారి జావా తుప్పుపట్టి ఉందనుకోండి. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డునే తిప్పి కిక్కు కొట్టాలి... అదో సరదా! మనవడికి దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఉంటుంది. సామాన్లేవీ? మైసూరులో 1961లో మొదలైన ఈ టూస్ట్రోకు బళ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది. 2018లో జావా పేరు మళ్లీ వచ్చినా ఆ బండి ఫోర్‌స్ట్రోకు. దాని పిస్టను దీనికి పట్టదు.

బుష్షుల్లాంటివి విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద చేయించుకోవచ్చు. కానీ కొలత? అరిగిపోయిన పాత బుష్షే చెప్పాలి. అందుకే విప్పేటప్పుడు చిన్న ముక్కయినా పారేయకూడదు. క్రాంక్‌కేసు పగిలితేనే అసలు చిక్కు. మరో పాత బండిది వెతికి తెచ్చినా, ఇంజిను నంబరు ఉండేది దానిమీదే కదా! ఆర్సీతో పేచీ తప్పదు. ముందు ఆ నంబరు చూసుకోవాలి. రంగు సంగతి తర్వాత.